ఏడో టేపులో లేని చప్పుడు

పోయిన వారం పాపను ఆమె పనిగదిలో వదిలి వచ్చాం. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్లో అంచులు చెదలు తిన్న లాగుబుక్కు, మొహంలో నెత్తురుచుక్క లేదు. పాప అంటే ఉయ్యాల్లో పిల్ల అనుకునేరు. నలభై రెండేళ్ల మనిషి. చెవుల వెనక తెల్లవెంట్రుకల్ని దువ్వి దాచుకుంటోంది. చుట్టాలు ఒకసారి పెట్టిన పేరు ఊపిరున్నంతకాలం వదలరు గనక పాపగానే మిగిలిపోయింది.

ఆమెకు ఏడాది నిండకముందు, ఆ ఇంట్లో నలుగురు చేరి వీణా వయొలినూ డోలూ ఏదీ లేకుండా, పాడైపోయిన రేడియోల ఈలలతోనూ కరెంటు చేసే మోతతోనూ పాటలు కట్టారు. తమకు తాము ‘హోరు’ అని పేరు పెట్టుకున్నారు. విన్నవాళ్లు ‘ఇది పాటా, పిండిమరకి జ్వరమొచ్చిందా?’ అని నవ్వారు. ఇవాళ అదే మోత మీద పుస్తకాలు రాసి పట్టాలు పుచ్చుకుంటున్నారు. ఆ నలుగురూ ఎవరంటే, రేడియోలు బాగుచేసే మావయ్య, సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా చేసిన నాన్న, టేపును కత్తెరతో కోసి అతికించిన అమ్మ, పాటను గళ్ల కాగితం మీద గీతలుగా గీసిన కాలేజీ లెక్చరరు. అమ్మ పోయింది. లెక్చరరూ పోయాడు. బావా బావమరుదులు మిగిలారు.

వాళ్ల మొదటి మూడేళ్ల టేపులు పదకొండు. వాటిని ఒక కంపెనీ ‘తొలి హోరు’ పేరుతో ఒక్కచోట చేర్చి తెస్తోంది. ఆ టేపుల దుమ్ము దులిపే పని పాపది. కంపెనీ నడిపే మేడమ్, మాట్లాడుతున్నంతసేపూ అరచేతిలో బొటనవేలితో ఏదో గీసుకునే మనిషి, మొదటిరోజే చెప్పింది: “ఏడోది ముందు రావాలి. దాని హోరుని ముట్టుకోవద్దు.” మావయ్యేమో వారం తిరక్కుండా ఫోన్ చేశాడు: “మిగతా పదింటి జోలికీ పోకు. ఏడోదాంట్లో మాత్రం హోరంతా తీసెయ్యి.”

జీవితమంతా ‘హోరు తీస్తే పాట చచ్చిపోతుంది’ అని చెప్పిన మనిషి, ఒక్క పాటను ఎందుకు చంపమన్నాడు? అదీ పాపను తొలిచిన పురుగు.

హోరును తీయాలంటే ముందు దాన్ని విడిగా పట్టుకోవాలి. బియ్యంలో రాళ్లేరేవాళ్ల కళ్లు రాళ్ల మీదే ఉంటాయి. పాప ఏరిన రాళ్లను పారేయలేదు. కూర్చుని విన్నది. టేపులోకి చేరిన ఆ హోరు ఇంటి కరెంటు మోతే. కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగాలి. వాడకం పెరిగేకొద్దీ అది అలిసిన ఎద్దులా నలభై తొమ్మిదికీ, ఆ కిందకీ దిగుతుంది. గంటగంటకూ ఆ అంకెను లాగుబుక్కులో ఎక్కించడం ఆపరేటర్ పని. ఏడో టేపు డబ్బా మీద లెక్చరరు రాసిపెట్టిన తేదీ ఉంది. అదే తేదీ పేజీలో నాన్న చేతిరాత ఉంది. నాలుగింటికి 48.7. ఐదింటికి 48.4. ఆరింటికి 49.0. ఏడింటికి 49.0. ఎనిమిదింటికి మళ్లీ 48.3. టేపులో హోరు మాత్రం, నాలుగో నిమిషంలో ఒకటి రెండు సెకన్లు తప్ప, మొదటినుంచీ చివరిదాకా 48.2 దగ్గరే ఉంది.

చూసి రాసిన అంకెలు గతుకుల్లో నడిచినట్టుంటాయి. ఊహించి రాసినవి గుండ్రంగా ఉంటాయి. ఆ రెండు గంటలూ నాన్న మీటరు చూడలేదు.

పక్కన గడిలో, అదే చేతిరాతలో, ఇంకో వాక్యం: ‘6.40. ఫీడరు లైను ట్రిప్. లైన్‌మన్ మృతి. లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ఎక్కినాడు.’

అక్కడ ఆపాం పోయిన వారం.

*

మర్నాడు మధ్యాహ్నం పాప మావయ్య కొట్టుకు వెళ్లింది. సాయంత్రం ఐదింటికల్లా పదకొండు టేపులూ కంపెనీకి చేరాలి. చేతిలో నాలుగున్నర గంటలున్నాయి.

కొట్టు వీధి చివర మూడు మెట్లెక్కితే వస్తుంది. గోడ నిండా పొట్ట విప్పిన రేడియోలు. ఏ డబ్బాలో ఏ స్క్రూ ఉందో మావయ్యకు తప్ప దేవుడికి కూడా తెలియదు. టంకం పొగ వాసన ఆ గోడల్లోకి ఇంకిపోయి, కొట్టు మూసినా వదలదు. డెబ్బై మూడేళ్ల మావయ్య కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో పాత రేడియో మీద వంగి ఉన్నాడు. ఆ రేడియోగలావిడ గడప దగ్గర నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

“ఇచ్చి మూడు నెలలైంది. ఇదిగో అదిగో అంటారు. అసలు బతుకుతుందా లేదా?”

“నాడి ఉందమ్మా. తొందరపెడితే అదీ పోతుంది.”

“నాది పోయేట్టుంది మీ చుట్టూ తిరగలేక.”

“పోయినా ఫరవాలేదు, మీ కోడలు తీసుకెళ్తుంది. రసీదు జాగ్రత్తగా పెట్టమనండి.”

ఆవిడ తిడుతూ నవ్వింది, నవ్వుతూ మెట్లు దిగింది. పాప లోపలికి వచ్చింది.

“ఏమే, ఎండలో పడొచ్చావ్? కూచో. ఆ స్టూలు మీద కాదే, దానికి మూడుకాళ్లే. నాలుగోది మొన్న ఫ్యానుకి వాడాను.”

పాప నవ్వలేదు. నిలబడే ఉంది. మావయ్య భూతద్దం నుదుటి మీదికి జరిపి ఆమె మొహం చూశాడు. వెంటనే కళ్లు రేడియో మీదికి దించుకున్నాడు.

“తీసేశావా హోరు?”

“ఎందుకు తీయమన్నావ్ మావయ్యా?”

“చెవిలో గరగర. ఈ కాలంవాళ్లు వింటారా?”

“మిగతా పదీ గరగరలాడట్లేదా?”

“దాంట్లో ఎక్కువ.”

“దాంట్లోనే తక్కువ. కొలిచాను.”

మావయ్య టంకం కడ్డీ తీసి తీగ మీద పెట్టాడు. పొగ లేచింది. “కొలతలొచ్చాక చెవులు పోయాయి మీ తరానికి,” అన్నాడు.

పాప సంచిలోంచి చిన్న ప్లేయరు తీసింది. మావయ్య బల్ల మీదున్న పరీక్ష స్పీకరుకే దాని తీగ తగిలించింది. అడగలేదు. ఆ కొట్టులో పుట్టిపెరిగిన పిల్లకు ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

స్పీకరులోంచి హోరు వచ్చింది. ఈలల్లేవు, అలల్లేవు. ఒట్టి హోరు, తేనెపట్టు దగ్గర చెవి పెట్టినట్టు. అర నిమిషం గడిచింది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాలుగో నిమిషం దగ్గరికి ప్లేయరును జరిపి వదిలింది పాప.

హోరు కుంగింది. బావి గట్టు మీంచి నిండు బిందె జారిపోయినట్టు, చప్పున కిందకి, ఇంకా కిందకి. ఒకటి, రెండు. మళ్లీ పైకి లేచింది.

ఈ చోటునే లోకం ‘కుంగు’ అంటుంది. ఏడో పాటకు పేరు తెచ్చిందీ, మావయ్యకు పేరు తెచ్చిందీ ఇదే. ‘మొత్తం పాటను అలా కుంగదీసి లేపాలని మీకెలా తోచింది?’ అని నలభై ఏళ్లుగా పేపరువాళ్లు అడుగుతూనే ఉన్నారు. ‘దానంతట అదే వచ్చింది’ అని మావయ్య చెబుతూనే ఉన్నాడు. అదంతా వినయం అనుకున్నారు జనం.

కాలిన వాసన వచ్చింది. టంకం కడ్డీ బల్ల చెక్క మీద ఆని ఉంది. మావయ్య చూసుకోలేదు. పాపే అందుకుని స్టాండులో పెట్టింది.

“మీ టేపు మిషను కారు బ్యాటరీ మీద నడిచేది,” అంది పాప. “అమ్మ చెప్పేది. కరెంటు పోయినా రికార్డింగు ఆగకూడదని నువ్వే పెట్టించావట. అందుకని మిషను కుంగలేదు. కరెంటే కుంగింది. దాంతో మీ ఈలల పెట్టెలూ కుంగాయి. ఎక్కడో పెద్ద లైను మీద దెబ్బ పడితే తప్ప ఊరంతా అట్లా కుంగదు. ఆ తేదీన అట్లాంటి దెబ్బ ఒక్కటే పడింది. ఆరూ నలభైకి. లాగుబుక్కులో ఉంది.”

మావయ్య గొంతు సవరించుకున్నాడు.

“ఆ పుస్తకం ఎక్కడిదే నీకు?”

“అది తర్వాత. నాన్న డ్యూటీలో లేడు. ఈ పాట వాయిస్తూ మన ఇంట్లో ఉన్నాడు. అవునా కాదా?”

“అవును,” అన్నాడు మావయ్య.

అంతే. ఒక్క ముక్క. పాప బెదిరింది. ఆమె గంటసేపు పోరాడడానికి తయారై వచ్చింది. పాత బ్యాటరీ కొనడానికి కూడా మూడు పూటలు బేరమాడే మనిషి ఈయన. ఇంత తొందరగా దిగడు.

“మీ నాన్న చేసిందే,” మావయ్య చెప్పుకుపోతున్నాడు. “పాట పిచ్చి. కుర్చీ వదిలి వచ్చేశాడు. ఆ లైన్‌మన్ ఏం చేశాడో ఏమో, పోయాడు. తర్వాత బావ ఆ రెండు గంటల అంకెలూ ఊహించి రాసుకున్నాడు. ఈమధ్య పేపర్లో చదివాను, హోరుని చూసి ఏ గంటదో చెప్పేసే కంప్యూటర్లొచ్చాయట. అందుకే తీయమన్నాను. ముసలాయన పరువు, ఇంకేముంది? నీ నాన్నే కదా. తీసెయ్, ఇంటికి పో.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ని చూశాం. పక్కవాడి భుజాలు దులిపి చూపించేవాణ్ని పాప ఇప్పుడే చూస్తోంది.

ఆమె మూడుకాళ్ల స్టూలును గోడకు ఆనించి, దాని మీదే కూర్చుంది. ప్లేయరులో ఇంకోటి పెట్టింది.

టక్, టక్.

“ఇది ఒకటో టేపు. మొదలు.”

టక్, టక్. “రెండోది.” టక్, టక్. “మూడోది.”

మావయ్య చెయ్యి బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ వైపు కదిలి ఆగింది. ఏ రికార్డింగైనా మొదలుపెట్టే ముందు, మిషను ముల్లు లేస్తోందో లేదో చూడటానికి స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. తర్వాత అమ్మ కత్తెరతో ఆ ముక్క కోసేసేది. కోసిన ముక్కలనూ పారేయకుండా అదే డబ్బాలో చుట్టిపెట్టేది. పొదుపరి మనిషి.

“పది టేపుల్లో ఈ చప్పుడుంది,” అంది పాప. “ఏడోదాని ముక్కలో లేదు. ఎవరో దగ్గారు, అంతే. లెక్చరరు గారి దగ్గు.” ఆమె గొంతు చిన్నబోయింది. “ఏడో టేపులో నువ్వు లేవు మావయ్యా. నాన్న మన ఇంట్లో ఉన్నాడు సరే. నువ్వెక్కడున్నావు?”

కొట్టులో మోగుతున్న రేడియో ఒక్కటీ లేదు. అయినా మావయ్య చెయ్యి చాచి దేన్నో ఆపబోయాడు. ఆపడానికి ఏమీ దొరక్క చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు.

“తలుపు ఓరగా వెయ్యి,” అన్నాడు.

పాప తలుపు దగ్గరికేసి వచ్చింది.

“ఆ రోజు లెక్చరరు కాలేజీ లాబులోంచి ఒక పెట్టె తెచ్చాడు. సైరను ఎక్కినట్టు సన్నగా ఎక్కి దిగే స్వరం దానిది. ఒక్క సాయంత్రానికే. పొద్దున్న లాబు తెరిచేసరికి అక్కడుండాలి, లేకపోతే ఆయన ఉద్యోగానికే ఎసరు. దాని మరను తిప్పడం మీ నాన్నకి తప్ప ఎవరికీ పట్టుబడలేదు. ఆ చెయ్యే వేరు పాపా. మేము రాళ్లు మోశాం, చెక్కింది ఆయనే. నా భాగం ముందే చుట్ట టేపు మీద ఎక్కించేశాను. అది దానికదే తిరుగుతుంది, నేనక్కర్లేదు. కాని బావకి డ్యూటీ. రెండు నుంచి పదిదాకా.”

“అందుకని…”

“నేనే అన్నాను. ‘బావా, నీ కుర్చీలో నేను కూచుంటా. రెండు గంటలు. నీ పక్కన కూచుని నూరుసార్లు చూశాను, నాకు రాదా?’ అన్నాను. ఆయన వద్దన్నాడు. మీ అమ్మ నిన్ను చంకనేసుకుని, ‘ఒరే, వద్దురా’ అంది. సాయంత్రం నేనే సబ్‌స్టేషనుకి వెళ్లి, సైకిలు తాళం ఆయన చేతిలో పెట్టి తోశాను.”

మావయ్య భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అది లేని ఆ కన్ను చిన్నదైపోయినట్టుంది.

“లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఫోన్ చేస్తాడు. మనం ఆ లైను ఆపి, చీటీ పుస్తకంలో రాసి, ఒక నంబరు చెప్తాం. అదే లైన్ క్లియర్. వాళ్లు ఆ నంబరు అరచేతిలో రాసుకుంటారు, కాగితమైతే గాలికి పోతుందని. పనయ్యాక మళ్లీ ఫోన్ చేసి ఆ నంబరు చెప్తేనే లైనివ్వాలి. చెప్పకపోతే కన్నతండ్రి అడిగినా ఇవ్వకూడదు. ఆ ఒక్కటి చాలు, ఇంకేమీ రాకపోయినా. బావ వెళ్లేముందే ఒక లైనుకి ఇచ్చాడు, ముప్పై ఆరు. నేను కూచున్న కాసేపటికి ఇంకొకతను చేశాడు. ‘లైన్ క్లియర్ కావాలి సార్’ అన్నాడు. నన్ను సార్ అన్నాడే, పాపా. రేడియోలు విప్పుకునేవాణ్ని. ఛాతీ ఉప్పొంగింది. లైనాపాను, పుస్తకంలో రాశాను, ముప్పై ఏడు అని చెప్పాను. ‘ముప్పై ఏడు, రాసుకున్నా సార్’ అన్నాడు.”

“తర్వాత?”

“ఆరూ నలభైకి ఫోన్. ‘పనైపోయింది, లైనిచ్చేయండి.’ ఇచ్చాను.”

“ఏ నంబరని అడిగావా?”

మావయ్య తల అడ్డంగా ఊపాడు.

“చేసింది ముప్పై ఆరు వాళ్లు. నేను ముప్పై ఏడు లైనిచ్చాను.”

గడియారం కొట్టుకుంటోంది. అది కూడా ఎవరో బాగుచేయమని ఇచ్చిందే. పది నిమిషాలు ముందుంది.

“ఎందుకు అడగలేదు మావయ్యా? ఒక్క మాట కదా!”

“గడియారం చూస్తున్నాను.” ఆయన భూతద్దాన్ని బల్ల చివరికి తోశాడు. “దీపాలు పెట్టే వేళ హోరు లోతుగా ఉంటుందని, సరిగ్గా ఆరూ ముప్పై ఆరుకి పాట ఎత్తుకోవాలనుకున్నాం. అక్కడ వాళ్లు ఎత్తుకుని ఉంటారు, ఇప్పుడు రెండో నిమిషం, ఇప్పుడు మూడోది, ఇప్పుడు నా చుట్ట టేపు లోపలికి రావాలి, అని మనసులో లెక్కెట్టుకుంటున్నాను. అక్కడి పాట ఇక్కడ కూచుని వింటున్నాను. ఫోన్లో మనిషేమన్నాడో సగమే విన్నాను. స్విచ్ వేశాను. నెత్తిన దీపం గుడ్డిదై మళ్లీ వెలిగింది. బ్రేకరు పడిపోయింది.”

మావయ్య ఆమె వైపు తిరిగాడు. ఆ చూపులో దీనత్వం లేదు. ఒక రకమైన కసి ఉంది, తన మీద తనకే.

“ఏడో టేపులో నేను లేనంటావేంటే? ఉన్నాను. ఆ కుంగు ఉందే, అది నేను వాయించిందే. ఆ పాటలో నా చేత్తో నేను వాయించింది అదొక్కటే. లోకమంతా దానికే దండం పెడుతోంది.”

పాప కళ్లు తుడుచుకోలేదు. తడిని అలాగే ఉండనిచ్చింది.

“నాన్నకి ఎప్పుడు తెలిసింది?”

“కుంగినప్పుడే. ఆపరేటరే, ఆయనకి తెలీదా? ఎక్కడో దెబ్బ పడిందని ఆ క్షణాన్నే తెలుసు. అయినా మర వదల్లేదు. మిగతా మూడు నిమిషాలూ వాయించాడు. ఆ చివరి భాగం వినలేదూ, ఎంత బాగుంటుందో! అది అయ్యాక సైకిలెక్కి వచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. చీటీ పుస్తకంలోంచి ముప్పై ఏడో ఆకు చింపాడు. లాగుబుక్కు ముందేసుకుని నువ్వు చూసిన వాక్యం రాశాడు. ‘నువ్విక్కడికి రాలేదు. పో’ అన్నాడు. నేను పోయాను.”

తేలు కుట్టిన దొంగల్లా నలభై ఒక్క సంవత్సరాలు. పాపకు ఇప్పుడు తన ఇల్లు కొత్తగా కనిపించింది. ఆ ఇంట్లో రేడియో ఎందుకు లేదో, ఫ్రిజ్ మోత పెడితే నాన్న లేచి వరండాలోకి ఎందుకు వెళ్లిపోతాడో, ‘తొలి హోరు’ వస్తోందని చెప్పిన రోజు ఆయన అన్నం సగంలో చేయి ఎందుకు కడిగాడో.

“ఆ లైన్‌మన్‌కి ఎవరున్నారు?”

“పెళ్లాం. ఒక ఆడపిల్ల, ఆరేడేళ్లది. క్లియర్ తీసుకోకుండా ఎక్కాడని తేల్చేశారుగా, తప్పంతా అతనిదే అయింది. తాగి ఎక్కాడని కూడా అన్నారు కొందరు. తల్లీ కూతురూ ఎటో వెళ్లిపోయారు.” మావయ్య ముందుకు వంగాడు. “ఇప్పుడు తవ్వితే ఏమొస్తుంది చెప్పు? పోయినవాడు లేచొస్తాడా? మీ నాన్నకి ఎనభై దగ్గరపడ్డాయి. నాకు మాత్రం ఎన్నాళ్లు? హోరు తీసెయ్యవే. కుంగు ఒక్కటీ మిగుల్తుంది, బాగుంటుంది, ఎవరికీ ఏదీ తెలీదు. నీ కాళ్లు పట్టుకోమంటావా?”

“ఛ! ఏం మాటలవి!” పాప చటుక్కున లేచింది. స్టూలు పడిపోయింది. “పోయినవాడు లేచిరాడు. కాని వాడి మీద వేసిన మాట ఇంకా లేచే ఉంది మావయ్యా. తాగి ఎక్కాడట! అతను రూలు ప్రకారం నంబరడిగి, అరచేతిలో రాసుకుని ఎక్కాడు. ఆ సాయంత్రం చేయాల్సిన పని చేయాల్సినట్టు చేసింది అతనొక్కడే.”

పాప ప్లేయరు తీగ విప్పి సంచిలో వేసుకుంది. తలుపు తీసేటప్పుడు వెనకనుంచి ఆయన పిలిచాడు.

“నన్ను పట్టిస్తావా పాపా?”

ఆమె వెనక్కి తిరగలేదు. “నిన్ను పట్టివ్వను. నీకోసం అబద్ధమూ రాయను. ఈ రెంటి మధ్య ఎంత చోటుందో చూస్తాను.”

*

పనిగదికి వచ్చేసరికి మూడు దాటింది. హోరు తీసేసిన ఏడో టేపు కూడా ఆమె దగ్గర తయారుగానే ఉంది. మావయ్య మాట మీద మూడు రోజులు కూర్చుని చేసింది. ఒకసారి పెట్టి విన్నది. శుభ్రంగా ఉంది. కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. ఎక్కడ పుట్టిందో, ఏ గంటకు పుట్టిందో తెలియని పాట. ఎవరి ఇంట్లోనూ దీపం కుంగలేదు.

దాన్ని పక్కన పెట్టింది. హోరున్నదాన్ని తీసి వరసలో మొదటికి చేర్చింది.

మిగిలింది అట్ట వెనక వేసే పేర్లు. ఏ పాటలో ఎవరు ఏం వాయించారో. పది పాటలకు నాలుగేసి పేర్లు చకచకా రాసింది. ఏడో పాట దగ్గర వేళ్లు ఆగాయి. నాన్న పేరు రాసింది, మర తిప్పినవాడని. లెక్చరరు పేరు రాసింది. అమ్మ పేరు, టేపు కోసి అతికించినావిడ. తర్వాత మావయ్య పేరు, చుట్ట టేపు అని రాసి, ఇంకో పంక్తి మొదలుపెట్టింది.

‘నాలుగో నిమిషం:’

పక్కన ఏం రాయాలి? అరగంట కూర్చుంది. మావయ్య అని రాస్తే అది ఇంకో దండానికి దారి. రాయకపోతే ఇంకో నలభై ఏళ్ల అబద్ధం. చివరికి ఆ రెండు చుక్కల పక్కన ఖాళీ వదిలేసింది. పొలం హద్దు తెలియనప్పుడు రాయి పాతకుండా వదిలేస్తారు, కొలిచేవాడొస్తాడని. అలా వదిలేసింది. ఐదుకు పది నిమిషాలుందనగా అన్నీ పంపింది.

ఆరు కావస్తుండగా ఫోన్ మోగింది. కంపెనీ మేడమ్.

“విన్నానండీ,” అంది మేడమ్. “ఏడోదాంట్లో హోరు ఉంచేశారు.”

“ఉంచానండి.”

“తీయమని మీ ఇంట్లోవాళ్లెవరైనా అడుగుతారనుకున్నాను.”

పాప కుర్చీలో నిటారుగా అయింది. “ఎందుకనుకున్నారు మేడమ్?”

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

“డబ్బా మీద తేదీ చూసిన రోజునుంచీ ఈ టేపులు ఎవరి చేతిలో పెట్టాలా అని ఆలోచించాను. వేరేవాళ్లు చాలామంది ఉన్నారు. మీకే ఇచ్చాను. ఏం చేస్తారో చూద్దామని.” మేడమ్ గొంతు ఎక్కడా పెరగలేదు. “నాకప్పుడు ఏడేళ్లు. మా నాన్నని ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడవాలని తెలీలేదు. పక్కన కూచుని ఆయన చెయ్యి పట్టుకుని విప్పాను. కాలిన చెయ్యి కాదు, ఇంకోటి. అరచేతిలో నీలం పెన్నుతో రాసుంది. ముప్పై ఏడు. నీళ్లు పొయ్యడానికి ముందు అది నేనొక్కదాన్నే చూశాను. అదేమిటో తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఒక ముసలి లైన్‌మన్ చెప్పాడు.”

పాప చూపు బల్ల మీదున్న లాగుబుక్కు మీద పడింది. అందులో నాన్న చేతిరాత: క్లియర్ తీసుకోకుండా ఎక్కినాడు.

“మా నాన్నకి ఆ నంబరు ఎవరో ఇచ్చారండీ,” అంది మేడమ్. “మీరు అట్ట మీద ‘నాలుగో నిమిషం’ అని రాసి పక్కన ఖాళీ వదిలారు. పని తెలిసిన మనిషి ఊరికే ఖాళీ వదలదు. అక్కడ ఎవరి పేరుండాలి?”

తలుపు చప్పుడైంది. పాప తలెత్తి చూసింది. గడప మీద నాన్న నిలబడి ఉన్నాడు. ఈ గదిలోకి ఆయన ఏనాడూ అడుగుపెట్టలేదు. ఎండలో నడిచొచ్చి చొక్కా తడిసిపోయింది. వేళ్ల మధ్య పసుపుబారిన చిన్న కాగితం, ఒక అంచున చింపిన ఆకు, పట్టుకుని ఉన్నాడు.

“ఫోన్లో ఎవరమ్మా?” అన్నాడు.